రెండో గీత

కండక్టరమ్మ రిటైరై ఏడాది కావస్తున్నా ఆ ఇంట్లో బస్సు మాత్రం ఇంకా ఆగలేదు. వంటింటి గుమ్మంలో ఎవరైనా నిలబడితే చాలు, "దారికడ్డం లేవండి, లోపల బోలెడంత ఖాళీ ఉంది" అంటుంది. కొడుకు స్నానానికి వెళ్ళి ఆలస్యం చేస్తే తలుపు మీద రెండు దెబ్బలు వేసి "ఎంతసేపాపుతావురా బండిని" అంటుంది. వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిచినా ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. నోరు పెద్దదే, కాదనను. కానీ ఆ నోటితో ఏ ముసలివాణ్ణీ, ఏ పిల్లలతల్లినీ బస్సులోంచి దింపేసిన మనిషి కాదు. ఆవిడంటే గిట్టనివాళ్ళు కూడా ఆ మాట ఒప్పుకుంటారు.

ఆవిడకో విద్య ఉంది. ఎంత కిక్కిరిసిన బస్సులోనైనా టికెట్ తీసుకోనివాణ్ణి మొహం చూసి పట్టేసేది. టికెట్ ఉన్నవాడు కండక్టరు వస్తుంటే కండక్టరు వంకే చూస్తాడు, లేదంటే నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతాడు. లేనివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు. మామూలుగా కాదు, మహా శ్రద్ధగా, దారిలో ఉన్న గోడలూ కరెంటు స్తంభాలూ వాళ్ళ తాతలనాటి ఆస్తి అయినట్టు. సర్వీసంతా ఈ లెక్కలో ఆవిడ ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు.

అలాంటి మనిషికి, సొంత కొడుకు ఇంట్లో కూర్చుని రోజూ కిటికీలోంచి బయటికి చూస్తుంటే తెలియదా? తెలిసింది. కాకపోతే తల్లి కదా, టికెట్ అడగడానికి మనసొప్పలేదు.

కొడుకు బోర్డుల పెయింటరు. షాపుల మీద పేర్లు, బడి గోడల మీద అక్షరాలు రాస్తాడు. స్కేలు పెట్టకుండా గీత గీస్తే ఆ చివర్నుంచి ఈ చివరికి వెంట్రుకవాసి తేడా రాదు. అలాంటివాడు ఈమధ్య ఒక మందుల షాపు బోర్డు వంకరగా రాసి, షాపతనితో మాటపడి, అంతా తుడిచి మళ్ళీ రాసి వచ్చాడు. కంచం ముందు కూర్చుంటాడు గాని ముద్ద దిగదు. పాప ఏడుపుకి నిద్ర పట్టడం లేదని పరుపు తెచ్చుకుని ముందుగదిలో పడుకుంటున్నాడు. పాపకి ఇంకా అయిదో నెల రాలేదు. పసిపిల్ల తండ్రికి నిద్ర చాలకపోవడం లోకంలో ఎక్కడైనా ఉన్నదేలే అని కండక్టరమ్మ తనకి తనే సర్దిచెప్పుకుంది.

కోడలు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది, ఇప్పుడు కాన్పు సెలవులో ఉంది. తక్కువ మాట్లాడుతుంది. అత్తగారు పది మాటలంటే తను ఒకటి అంటుంది, ఆ ఒక్కటీ పదింటికీ సరిపోతుంది. అందుకే ఆ అత్తాకోడళ్ళకి పడింది.

ఆ రోజు మధ్యాహ్నం కోడలూ పాపా నిద్రపోతున్నారు. ముందుగది తలుపు పిడికి నీలం రంగు అంటుకుని ఉంది. ఇంకెవరి పని, కొడుకుదే. రంగు చేత్తో తలుపు తెరవొద్దని వాడికి లక్షసార్లు చెప్పి ఉంటుంది. గొణుక్కుంటూ టర్పెంటైన్ కోసం వాడి బ్రష్షుల పెట్టె తెరిచింది. సీసా పక్కన, పాత గుడ్డలో చుట్టి, చిన్న ప్లాస్టిక్ పుల్ల ఒకటి చేతికి తగిలింది. తెల్లగా ఉంది. మధ్యలో గోరంత కిటికీ. ఆ కిటికీలో రెండు గీతలు. ఒకటి ముదురు, రెండోది కాస్త లేత.

ఆవిడ అక్కడే, పెట్టె పక్కనే చతికిలబడింది.

రెండు గీతలంటే ఏమిటో ఆవిడకి తెలుసు. తెలియకేం? నిరుడు, ఇంకా సర్వీసులో ఉండగా, డిపోలో బస్సు ఆగీ ఆగకముందే కొడుకు పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి ఇలాంటి పుల్లే చూపించాడు. "అమ్మా, రెండు గీతలు" అన్నాడు. అంతకు మించి మాట రాలేదు వాడికి. ఆ రోజు ఆఖరి ట్రిప్పులో ఫుట్‌బోర్డు మీద వేలాడినవాళ్ళని కూడా ఆవిడ ఏమీ అనలేదు. డ్రైవరు రెండుసార్లు వెనక్కి తిరిగి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

మళ్ళీనా, అనుకుందిప్పుడు. పాపకి మెడ నిలబడి ఎన్నాళ్ళయిందని? కోడలికి నడుం నొప్పి ఇంకా తగ్గనే లేదు. ఆ పిల్ల ఒళ్ళు ఇంకా తన ఒళ్ళు కానే కాలేదు. పైగా ముందుగదిలో పడుకుంటున్నానని పెద్ద కబుర్లు. ముందుగదిలో పడుకునేవాడు చేసే ఘనకార్యమా ఇది?

సాయంత్రం కొడుకు వచ్చి చేతులు కడుక్కుంటుంటే వెళ్ళి వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఎవర్నీ నిలబడనివ్వని గుమ్మంలో తనే నిలబడి, పుల్ల చూపించింది.

కొడుకు మొహంలో నెత్తుటిచుక్క లేదు. కుళాయి కట్టేయడం మర్చిపోయాడు.

"ఎప్పుడు తెలిసింది?" అంది, లోపల కోడలికి వినిపించకుండా.

"పోయిన వారం."

"నాతో చెప్పాలని లేదా?"

"ఎలా చెప్పాలో తెలియలేదమ్మా. నాకు భయమేసింది."

"భయం నీకెందుకురా? కడుపు మోసేది అదా, నువ్వా?"

అప్పుడు గాని తల్లి ఏమనుకుంటోందో వాడికి తలకెక్కలేదు. తలకెక్కాక చెయ్యాల్సింది ఒక్కటే, నిజం చెప్పడం. అది వాడికీ తెలుసు. కానీ మునిగిపోతున్నవాడు చేతికి ఏది దొరికితే దాన్ని పట్టుకుంటాడు గాని, అది మంచి కర్రా పుచ్చు కర్రా అని చూసుకోడు కదా.

"అదేనమ్మా" అన్నాడు. "కొన్నాళ్ళు ఆగి చెబుదామనుకున్నాం. ఇప్పుడే ఎవరితోనూ అనకు."

అని కిటికీ వైపు తిరిగి బయటికి చూశాడు. ఎదురుగా ఉన్నది పక్కింటి గోడ. సున్నం పెచ్చులూడిపోయిన ఆ గోడలో అంత శ్రద్ధగా చూడ్డానికి ఏముందని?

కండక్టరమ్మ చూసింది. చూసి కూడా, అంత కోపంలో, ఆ కోపం అడుగున ఎక్కడో కాస్త సంతోషంలో, టికెట్ అడగడం మర్చిపోయింది.

ఎవరితోనూ అనకు అంటే కోడలితో కూడా అనకూడదని ఆవిడ అనుకోలేదు. కడుపుతో ఉన్న మనిషితో, కడుపుతో ఉన్నావని అంటే తప్పేమిటి? మర్నాడు పొద్దున్న కొడుకు నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోగానే మొదలుపెట్టింది. కోడలు బట్టల బకెట్టు ఎత్తబోతే లాక్కుంది. వేడిపాలు పెద్ద గ్లాసు నిండా పోసి తెచ్చి ముందు పెట్టింది. కోడలు పాపకి పాలిస్తూ మంచం మీద కూర్చుని, ఇవాళ ఈవిడకేమైందా అన్నట్టు చూసింది.

"అయ్యిందేదో అయ్యింది, నేనేమీ అననులే" అంది కండక్టరమ్మ. "కాకపోతే పాపకి పాలు మాన్పించాలో అక్కర్లేదో డాక్టరమ్మని అడగాలి."

"పాలెందుకు మాన్పించడం అత్తయ్యా?"

"మరి లోపల ఇంకొకళ్ళు ఎక్కి కూర్చున్నారు కదే."

కోడలు అర్థం కాక నవ్వింది. "ఎవరెక్కారు?"

"నా దగ్గర దాచకు తల్లీ. రెండు గీతలు నా కళ్ళతో చూశాను. వాడి బ్రష్షుల పెట్టెలో ఉంది పుల్ల."

కోడలి నవ్వు సగంలో ఆగిపోయింది. "ఏదీ, తెండి" అంది.

కండక్టరమ్మ తెచ్చి ఇచ్చింది. కోడలు ఒక చేత్తో పాపని పట్టుకుని రెండో చేత్తో పుల్ల అందుకుంది. షాపులో కళ్ళజోడు అద్దం మీద గీత పడిందేమో చూసినట్టు, వెలుగుకి ఎదురుగా పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది నాది కాదత్తయ్యా. ఆయనది."

"మగాడికి కడుపేమిటే?"

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. కోడలు నవ్వలేదు. పుల్లని మంచం పక్కన పెట్టి, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ చెప్పింది.

పాపకి టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు నర్సు రెండు చిన్న డబ్బాలు ఇచ్చింది, ఒకటి నీకు, ఒకటి మీ ఆయనకి అని. అవి ఇంట్లోనే హెచ్ఐవి చూసుకునే కిట్లు. కడుపుతో ఉన్నప్పుడు ఆ పరీక్ష ఎలాగూ చేస్తారు. కానీ పాలిచ్చే రోజుల్లో తల్లికి కొత్తగా అంటుకుంటే పాలలోంచి బిడ్డకి వెళ్ళే ప్రమాదం ఎక్కువట. అందుకని తల్లి మళ్ళీ ఒకసారి చూసుకోవాలి, తండ్రీ చూసుకోవాలి. పుల్లతో చిగుళ్ళు తుడిచి, ఇచ్చిన సీసాలో నిలబెట్టి, చెప్పినంతసేపు ఆగి చూడాలి. ఒక గీత వస్తే లేదనుకోవాలి. రెండొస్తే ఆసుపత్రికొచ్చి మళ్ళీ చూపించుకుని తేల్చుకోవాలి. రెండో గీత ఎంత లేతగా ఉన్నా అది గీతే అని నర్సు మరీ మరీ చెప్పింది.

"నేను ఆ రోజే చూసుకున్నాను. నాది ఒకటే గీత" అంది కోడలు. "ఆయన బాత్రూంలోకి తీసుకెళ్ళి చూసుకుని వచ్చి, నాదీ ఒకటే, పారేశాను అన్నారు."

హెచ్ఐవి అన్న మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరి నోటా రాలేదు. కండక్టరమ్మ ఆ మాటని బస్సు వెనక అతికించిన ప్రకటనలో చూసింది, అంతే. ఆ ప్రకటనతో ఊరంతా తిరిగింది గాని అందులో ఏముందో ఒక్కసారైనా ఆగి చదివిన పాపాన పోలేదు.

ఇద్దరూ ఒకేసారి పాప వంక చూశారు. పాప కళ్ళు మూసుకుని, గుప్పెడు బిగించి, తన పని తను చేసుకుంటోంది. కోడలు చిటికెనవేలు పాప పెదవుల మధ్య పెట్టి మెల్లగా రొమ్ము విడిపించింది. పాప ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, ఆ తర్వాత ఇల్లు లేచిపోయేలా ఏడుపందుకుంది.

"ఇవ్వనా, మాననా?" అంది కోడలు. "చెప్పండత్తయ్యా. నా పాలు దీనికి ఇవ్వనా, మాననా?"

ఏ విషయానికైనా ఏదో ఒకటి చెప్పడమే అలవాటైన మనిషి. ఆ పూట కోడలి వంకా పాప వంకా మార్చి మార్చి చూసింది. నిన్న గోడ వంక చూసిన కొడుకు మొహం కళ్ళముందు ఆడుతోంది. నిన్ననే అడిగి ఉంటే, అనుకుంది. ఒక్క పూట ముందు తెలిసేది.

డబ్బా మీద ఫోను నంబరుంది. కోడలు చేస్తే నర్సే ఎత్తింది. ముగ్గురూ ఇప్పుడే వచ్చేయండి, కిట్టు చెప్పిందే ఆఖరి మాట కాదు, ఇక్కడ మళ్ళీ చూస్తాం అంది. నీది ఒకటే గీత కదా, పాలివ్వొచ్చు అని కూడా అంది. సరేనంది గాని కోడలికి చెయ్యి రాలేదు. మళ్ళీ కళ్ళతో చూసుకునేదాకా నావల్ల కాదత్తయ్యా అని, ఏడుస్తున్న పిల్లని భుజాన వేసుకుంది.

"నువ్వు పాపని తీసుకుని స్టాపు దగ్గరికి పద" అంది కండక్టరమ్మ. "వాణ్ణి నేను తీసుకొస్తాను."

రెండు వీధుల అవతల కొడుకు నిచ్చెన మీదున్నాడు. చెప్పుల షాపు బోర్డు. మొదటి రెండు అక్షరాలకి రంగు వేశాడు, మూడోది సుద్దతో గీసి ఉంది. కండక్టరమ్మ నిచ్చెన కింద నిలబడింది. ఆవిడ వస్తే వీధి మొదట్లోనే వినబడుతుంది. ఇవాళ వినబడలేదు, అందుకే వాడు వంగి చూసేదాకా తెలియలేదు.

"దిగు" అంది.

వాడు దిగాడు. తల్లి చేతిలో ఏమీ లేదు, అయినా వాడికి అర్థమైంది. నిచ్చెన ఆఖరి మెట్టు మీదే కూర్చుండిపోయాడు.

"తనకి తెలిసిందా?"

"తెలిసింది. నేనే చెప్పాను. కడుపని చెప్పబోయి, నీ సంగతి చెప్పాను."

"చెబితే పాపని తీసుకుని వెళ్ళిపోతుందనుకున్నానమ్మా. అందుకే తన పక్కన పడుకోవడం మానేశాను. తనకి అంటకుండా చూసుకుంటే చాలుననుకున్నాను. రెండో గీత లేతగానే ఉంది కదా, ఏమీ కాదేమో అని కూడా అనుకున్నాను."

"గీతలు గీసి బతికేవాడివి. అది గీతో కాదో నీకు తెలియదట్రా?"

వాడు మొహం చేతుల్లో దాచుకున్నాడు. నీలం రంగు చేతులు, నీలం రంగు నుదురు. కండక్టరమ్మకి వాణ్ణి చెంప పగలగొట్టాలనీ ఉంది, ఒళ్ళోకి లాక్కోవాలనీ ఉంది. రెండూ చెయ్యలేదు. వాణ్ణి రెక్క పట్టుకు లేపి, నిచ్చెన షాపు గోడ వారగా జరిపి, "నడు, బస్సొచ్చే వేళయింది" అంది.

బస్సులో కోడలు పాపతో ముందు సీట్లో కూర్చుంది. పక్క సీట్లో పాప బట్టల సంచి పెట్టేసింది. కొడుకు ఆ సంచి చూసి, వెనక్కి వెళ్ళి ఆఖరి సీట్లో కూర్చున్నాడు. దెబ్బలాడుకున్న మొగుడూ పెళ్ళాలు బస్సులో ఎలా కూర్చుంటారో కండక్టరమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. తను ఇద్దరికీ మధ్య, కడ్డీ పట్టుకుని నిలబడింది. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఎందుకో ఆ రోజు కూర్చోబుద్ధి కాలేదు.

ఆసుపత్రి నర్సు బక్కగా ఉంటుంది, బొంగురు గొంతు. పాప ఏడుపు విని, అన్నీ పక్కనపెట్టి ముందు కోడలి వేలు గుచ్చింది. నెత్తుటి బొట్టు పరీక్ష పట్టీ మీద వేసి, ఇక ఆగాలి అంది. కండక్టరమ్మ పాపని ఎత్తుకుని వరండాలో అటూ ఇటూ తిరిగింది. "ఇదిగో వచ్చేస్తోంది, వచ్చే స్టాపే, వచ్చే స్టాపే" అని పాప చెవిలో చెబుతూనే ఉంది. ఎంతమంది ముసలివాళ్ళకి ఆ మాట చెప్పి ఓపిక పట్టించిందో. ఆ మాట తనకే ఇంత అవసరం పడుతుందని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

తలుపు తెరిచి నర్సు పిలిచింది. లోపలికి వెళితే కోడలు బల్ల మీదికి వంగి పట్టీ వంక చూస్తోంది. ఒక గీత. ఆ కిటికీలో ఇంకేమీ లేదు.

"పిల్లకి ఆకలేస్తోందమ్మా, ఇవ్వు" అంది నర్సు.

కోడలు పాపని లాక్కున్నట్టే తీసుకుంది. పాప ఏడుపు ఠక్కున ఆగింది. ఆ గదిలో ఇక గుటకల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కోడలి కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి పాప జుట్టు మీద పడుతున్నాయి, తుడుచుకోను కూడా లేదు. గుమ్మం పక్కన నిలబడ్డ కొడుకు గోడకి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. కండక్టరమ్మ ఏడవలేదు. పొద్దున్నుంచీ మొదటిసారి కూర్చుంది.

కొడుకుకి మాత్రం ఒకటికి రెండుసార్లు వేరే వేరే పరీక్షలు చేశారు. తేడా లేదు. హెచ్ఐవి ఉన్నట్టే.

నర్సు ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది. అతను ఇవాళ్టి నుంచే మాత్ర వేసుకోవాలి, రోజూ ఒకే వేళకి, మానకుండా. కొన్ని నెలలకి ఒంట్లో వైరస్ పరీక్షకి కూడా దొరకనంత తగ్గిపోతుంది, అలా తగ్గి ఉన్నంతకాలం కలిసి కాపురం చేసినా భార్యకి అంటదు. అందాకా కండోమ్ వాడాలి. ఆమె కూడా అంటకుండా ఆపే మాత్ర రోజూ వేసుకోవాలి, దానితో పాలకేం ఇబ్బంది లేదు. మధ్యమధ్య ఆమెకి మళ్ళీ పరీక్ష చేస్తారు. కంచాలు, గ్లాసులు, మంచాలు, ముద్దులు, వీటితో ఎవరికీ ఏమీ రాదు.

"అంటే ఆ వైరస్‌గాడు బండి దిగడన్నమాట" అంది కండక్టరమ్మ. "మందు వేసుకుంటే సీట్లో నిద్రపోతాడు. మానితే లేచి అందరి మీదా పడతాడు."

"అంతేనమ్మా" అంది నర్సు. ఆ గదిలో ఆ రోజు నవ్వింది ఆవిడొక్కతే.

వినడం విన్నది గాని, చెయ్యి మాట వినలేదు. సాయంత్రం ఇంటికొచ్చి టీ తాగాక కండక్టరమ్మ తనకి తెలియకుండానే కొడుకు గ్లాసుని మిగతావాటిలోంచి తీసి సింకు చివర విడిగా పెట్టింది. కోడలు చూసింది. పొద్దున్నుంచీ మొగుడితో ఒక్క మాట మాట్లాడని మనిషి, లేచి వచ్చి, ఆ గ్లాసు కడిగి, అందులోనే మంచినీళ్ళు పట్టుకుని గడగడా తాగేసింది.

"కోపముంటే ఆయన మీద నాకుండాలి" అంది. "గ్లాసేం చేసింది అత్తయ్యా?"

కండక్టరమ్మకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ కోపం ఎంతుందో ఆ తర్వాత తెలిసింది. కోడలు ముందుగదిలోకి వెళ్ళి కొడుకు ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"పెళ్ళికి ముందెప్పుడో అంటుకుందని నర్సుతో అన్నారు. మీకే తెలియదంటున్నారు. సరే, దానికి ఏడుస్తాను గాని మిమ్మల్ని తిట్టను. తెలిశాక దాచారే, అది మాత్రం మీరు తెలిసి చేసింది. మీ కళ్ళెదురుగా పాపకి పాలిచ్చాను. మీరు చూస్తూ కూర్చున్నారు."

"చూడలేదు" అన్నాడు కొడుకు. "చూడలేకపోయాను. కిటికీలోంచి బయటికి చూశాను."

వంటింట్లో కండక్టరమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

కోడలు వెళ్ళిపోలేదు. అలాగని క్షమించనూ లేదు. "మాత్ర వేసుకున్నారా?" అన్న ఒక్క మాటే ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య కొన్ని వారాలపాటు నడిచిన సంసారం. అది కూడా లేకపోతే తను ఏమైపోయేవాడో అని కొడుకు ఒకసారి తల్లితో అన్నాడు. మొదట్లో మాత్రకి కడుపులో తిప్పి, పడుకునే ఉండేవాడు. కోడలు రొట్టె ముక్కా నిమ్మకాయ నీళ్ళూ పక్కన పెట్టి వెళ్ళేది. కండక్టరమ్మ చూడనట్టు నటించేది. ఆవిడ జీవితంలో అంత కష్టమైన డ్యూటీ ఇంకొకటి చెయ్యలేదు.

వేళ తప్పకుండా చూసే పని మాత్రం తన చేతిలోకి తీసుకుంది. డిపోలో మొదటి బస్సు ఏ వేళకి కదిలేదో, ఇంట్లో మాత్రలూ ఆ వేళకే. "రైట్ రైట్, మాత్రల బండి బయల్దేరుతోంది, ఎక్కవలసినవాళ్ళు ఎక్కండి" అని కేకేసేది. చెరో మాత్ర, చెరో గ్లాసు నీళ్ళు. మొదట్లో ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా మింగేవాళ్ళు. పోనుపోను ఎదురెదురుగా నిలబడి మింగడం మొదలుపెట్టారు. ఒక రోజు పాప తాతలనాటి పెద్దమనిషిలా చెయ్యి చాచి తనకీ మాత్ర కావాలని గోల చేసింది. కోడలు ఫక్కున నవ్వింది, కొడుకూ నవ్వాడు, తర్వాత ఇద్దరూ నవ్వినందుకు మొహమాటపడ్డారు. చెప్పుల షాపు బోర్డు మళ్ళీ గీయించుకోవలసిన అవసరం రాలేదు. అక్షరాలు బారుగా, నిటారుగా నిలబడ్డాయి.

పాప పాకడం మొదలుపెట్టాక మళ్ళీ ఆసుపత్రికి రమ్మన్న రోజొచ్చింది. మధ్యలో ఒకసారి చూశారు, బాగానే ఉంది. కానీ ఈసారిది బాగుంటే, వెనకటి భయం పూర్తిగా పోయినట్టేనని నర్సు అంది. కొడుకు నెత్తురు కూడా ముందే తీసుకుని పంపించారు.

వెళ్ళేటప్పుడు బస్సులో సంచి పక్క సీట్లోనే ఉంది. కొడుకు ఆఖరి సీట్లోనే కూర్చున్నాడు. కండక్టరమ్మకి ఇన్ని నెలలుగా కాస్త కాస్త దగ్గరవుతున్నారనుకున్నది తన భ్రమేనా అనిపించింది. కోడలి మొహం చూస్తే మళ్ళీ ఆ మొదటి రోజు మొహమే.

నర్సు ఈసారి కూడా ముందు కోడలి వేలే గుచ్చింది. అందరూ ఆ పట్టీ చుట్టూ మూగారు. ముదురు గీత వచ్చింది. రెండోది రావలసిన చోటు వంక కొడుకు కళ్ళార్పకుండా చూశాడు. లేత గీత ఎక్కడ మొదలవుతుందో ఆ గదిలో అందరికంటే ముందు పట్టగల కళ్ళు అవి. వేళ దాటింది. అక్కడ తెల్లటి తెలుపే ఉంది.

"లేదు" అన్నాడు కొడుకు. నర్సు కంటే ముందు వాడే అన్నాడు. "గీత లేదు. ఏమీ లేదు."

"మీది కూడా వచ్చింది" అంది నర్సు. "వైరస్ దొరకలేదు. నిద్రపోతున్నాడు, మీ అమ్మగారన్నట్టు. మందు మానకండి, లేపకండి."

కోడలు పాపని కండక్టరమ్మ చేతికిచ్చి, బల్ల మీద తల పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత లేచి మొహం కడుక్కుని వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు కోడలే ముందు బస్సెక్కింది. పాపని తీసుకుని కిటికీ పక్కన కూర్చుని, అలవాటు ప్రకారం సంచి పక్క సీట్లో పెట్టింది. కండక్టరమ్మ వెనక సీట్లో కూర్చుంది. కొడుకు ఆఖర్న ఎక్కాడు. ముందు సీటు దగ్గరికొచ్చి, సంచి చూసి, తల వంచుకుని వెనక్కి నడిచాడు.

"ఎక్కడికి?" అంది కోడలు.

వాడు ఆగాడు.

కోడలు సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇక్కడ ఖాళీ ఉండగా వెనక్కెందుకు? కూర్చోండి."

కొడుకు కూర్చున్నాడు. గాజు సామాను పక్కన కూర్చున్నట్టు, ఒదిగి కూర్చున్నాడు. బస్సు కదిలిన కుదుపుకి ఇద్దరి భుజాలూ తగిలాయి. ఇద్దరిలో ఎవరూ సర్దుకోలేదు. కోడలు పాపని ఎత్తి వాడి ఒళ్ళో కూర్చోబెట్టి, "బరువెక్కింది, నా చేతులు లాగేస్తున్నాయి" అంది. వెనక సీట్లో కండక్టరమ్మకి అప్పుడొచ్చింది ఏడుపు. ఆసుపత్రిలో రెండుసార్లూ రానిది, బస్సులో వచ్చింది. తన చోటు కదా.

కండక్టరు టికెట్లు అడుగుతూ వస్తున్నాడు. కండక్టరమ్మ కళ్ళు తుడుచుకుని, అలవాటు కొద్దీ ముందు సీటు వంక చూసింది. కోడలు కండక్టరు వంక చూస్తోంది. కొడుకు తల ఎత్తి, నేరుగా కండక్టరు వంకే చూస్తున్నాడు.

పాప మాత్రం తండ్రి ఒళ్ళోంచి తల్లి మీదికి పాకి, అద్దానికి రెండు చేతులూ ఆనించి, కిటికీలోంచి బయటికి మహా శ్రద్ధగా చూస్తోంది. ఆ బస్సులో టికెట్ లేనిది దానికొక్కదానికే.